కాన్హా అడవికి దసరాకా, సంక్రాంతికా, వేసవికా? విశాఖ నుంచి వెళ్లి వచ్చినవారు చెప్పండి

మధురవాడ మల్లె:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి నాలుగో తరగతి. రెండేళ్లుగా వాడికి పులి తప్ప మరో ధ్యాస లేదు. కిందటి నెల మన జూలో పులి ఎదుట చాలాసేపు నిలబడి, "ఇది అడవిలో ఉంటే ఎలా నడుస్తుందమ్మా?" అని అడిగాడు. ఆ రాత్రే మావారూ నేనూ మాట్లాడుకుని, మధ్యప్రదేశ్‌లోని కాన్హాకు వెళ్దామని నిశ్చయించుకున్నాం. రాయపూర్ వరకు రైలు, అక్కడి నుంచి కారు. ముక్కి గేటు దగ్గర ఒక లాడ్జ్ చూసుకున్నాం.

బడి సెలవులను బట్టి మాకు మూడే అవకాశాలు: దసరా, సంక్రాంతి, వేసవి. లాడ్జ్ వారిని అడిగితే మూడు కాలాలూ బాగుంటాయని చెప్పారు. ఆ జవాబుతో నాకేమీ తేలలేదు.

ఇంకో సంగతి. మాతో అత్తయ్య కూడా వస్తున్నారు. 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ప్రతిసారీ జీపు ఎక్కలేరు. మేము అడవిలో తిరుగుతుంటే ఆవిడ గదిలో గోడలు చూస్తూ కూర్చోవలసి వస్తుందేమోనని నా దిగులు. లాడ్జ్ కాగితంలో ప్రకృతి నడక, పల్లె సందర్శన, పక్షులు చూడడం, రాత్రి నెగడు దగ్గర నృత్యం అని రాశారు. ఇవి నిజంగా ఉంటాయా, కాగితం మీదేనా? ఎన్ని రాత్రులు ఉంటే సరిపోతుంది?

గాజువాక కెమెరా:

పులి కోసమే అయితే మే నెలకే ఓటు వేస్తాను. గడ్డి ఎండిపోయి, ఆకు రాలి, అడవి లోపలికి చూపు దూరంగా వెళుతుంది. వాగులు ఇంకిపోతాయి కాబట్టి మిగిలిన నీటి గుంటల దగ్గరికే అన్ని జంతువులూ రావాలి. నేను నాలుగు సఫారీలు చేస్తే రెండింటిలో పులి కనబడింది. ఒకటి నడుము వరకు నీళ్లలో కూర్చుని పావుగంట కదలలేదు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన ఉక్కపోత లాంటిది కాదు, ఒంట్లో నీరు పీల్చేసే పొడి వేడి. తలకు తడి తువ్వాలు చుట్టుకోవాలి. రెండు రాత్రులు చాలు.

జీవశాస్త్రం టీచర్, ఎంవీపీ కాలనీ:

అమ్మా, నేను 31 ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని. కాన్హాకు మూడుసార్లు వెళ్లాను: ఒకసారి అక్టోబరులో, ఒకసారి జనవరిలో, ఒకసారి మే నెలలో. మీరు అడిగిన మూడు సెలవులూ నేను చూసినవే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వానల వల్ల జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అడవి లోపలి భాగం మూసి ఉంటుంది. అక్టోబరు 1న తెరుస్తారు. దసరాకు వెళితే అప్పుడే తలంటుకున్నట్టున్న అడవిని చూస్తారు. గుగ్గిలం చెట్లు ఆకాశాన్ని కప్పేసి ఉంటాయి. చెట్టుకూ చెట్టుకూ మధ్య అరచేయంత సాలీళ్లు గూళ్లు కట్టి ఉంటాయి. నాకు ఆ అడవి చాలా ఇష్టం. కానీ గడ్డి నిలువెత్తున ఉంటుంది. పది అడుగుల దూరంలో చుక్కల దుప్పి పడుకున్నా చెవులు మాత్రమే కనబడతాయి. పులి కోసం కలలు కంటున్న పిల్లవాడికి అది కష్టం.

మే గురించి గాజువాక మిత్రులు చెప్పింది నిజం. వేసవిలోనే వచ్చే పొన్నంగి పిట్టను నేను మొదటిసారి చూసింది అక్కడే. అయితే ఉదయం సఫారీ మధ్యాహ్నానికి ముందే ముగుస్తుంది, సాయంత్రానిది మధ్యాహ్నం దాటాకే మొదలవుతుంది. మే నెలలో ఆ మధ్య సమయమంతా తలుపులు వేసుకుని గదిలో ఉండాలి. నడకలు, పల్లె సందర్శన అన్నీ వదులుకోవలసిందే. మీ అత్తయ్యగారికి గోడలే మిగులుతాయని మీరు భయపడింది ఆ కాలంలోనే నిజమవుతుంది.

అందుకే నా మాట సంక్రాంతి.

చలి ఉంటుంది. లంబసింగి చలి చూశాం కదా అనుకోకండి. అక్కడ మనం చలిమంట పక్కన నిలబడి పొగమంచు చూస్తాం. కాన్హాలో తెల్లవారకముందే పైకప్పు లేని జీపులో గాలికి ఎదురుగా వెళతాం. గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా మెరుస్తుంది. మా లాడ్జ్ వారు దుప్పట్లు, వేడినీళ్ల సంచులు ఇచ్చారు. అయినా నా వేళ్లు కొంకర్లు పోయాయి.

ఆ చలిలోనే నేను బారసింగాను చూశాను. పులి గురించి అందరూ చెబుతారు, ఈ జింక గురించి మీ అబ్బాయికి మీరు చెప్పండి. గట్టి నేల మీద బతికే ఈ రకం బారసింగా ఒకప్పుడు మధ్య భారతమంతా ఉండేది. 1970 నాటికి కాన్హాలో 66 మాత్రమే మిగిలాయి. అప్పుడు పులి చొరబడని కంచెలో కొన్నింటిని పెంచారు. ఊళ్లు ఖాళీ అయిన చోట పచ్చిక బయళ్లు పెరగనిచ్చారు. ఇప్పుడు సుమారు వెయ్యి ఉన్నాయి. ఇక్కడి నుంచి సాత్‌పురా అడవికీ, తరువాత బాంధవ్‌గఢ్‌కూ పంపారు. ఊళ్లు లేచిపోయిన బయళ్లు అన్నానే, వాటిలో ఒకటైన సోంఫ్ బయలు మీ ముక్కి వైపే ఉంది. జనవరిలో మగవి జతకోసం అరుస్తాయి. మా గైడు ఇంజను ఆపించాడు. పొగమంచులో ఏమీ కనబడలేదు, గొంతు ఒక్కటే వినబడింది. గాడిద ఓండ్రలా మొదలై సన్నాయిలా సాగింది. మంచు పలచబడ్డాక చూస్తే కొమ్ముల నిండా పచ్చగడ్డి చుట్టుకుని నిలబడి ఉంది. ఆడవాటికి ఘనంగా కనబడడానికి అలా అలంకరించుకుంటుంది. నేను ఏళ్ల తరబడి పుస్తకంలో చూపించిన జంతువు ఎదుటికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పులి ఆ ప్రయాణంలో ఒకే ఒక్కసారి, రోడ్డు దాటుతూ కనబడింది.

ఇక లాడ్జ్ విషయం. ఆ జనవరిలో మా అక్క నాతో వచ్చింది. తనకూ మోకాళ్లే. జీపు ఒక్కసారే ఎక్కింది. మూడు రోజుల తరువాత "నువ్వు చూసిన దానికంటే నేనే ఎక్కువ చూశాను" అంది. అది నిజం. ఉదయం 9 దాటి ఎండ పడ్డాక లాడ్జ్‌లోని ప్రకృతి నిపుణుడు వరండాలో కుర్చీ వేసి, దుర్భిణీ చేతికిచ్చి పక్షులు చూపించాడు. పాలపిట్టను మా అక్క దసరా రోజున వెతికేదే కానీ, అంత దగ్గరగా రెక్క విప్పడం చూసింది అక్కడే. ఒకరోజు కారులో బంజర్ నది ఒడ్డుకు తీసుకెళ్లారు. రాత్రి నీళ్లు తాగడానికి వచ్చిన జంతువుల అడుగులు ఇసుకలో అచ్చుపడి ఉంటాయి. ఏది దుప్పిదో, ఏది అడవిపందిదో, ఏది చిరుతపులిదో అతను పుల్లతో గీసి చూపించాడు. మీ అబ్బాయి ఆ ఇసుకను వదిలి రాడు.

పల్లె సందర్శన గురించి నాకు మొదట అనుమానం ఉండేది. మనుషులను చూడడానికి మనుషులు గుంపుగా వెళ్లడం నాకు నచ్చదు. అందుకే ముందుగానే అడిగాను: ఎవరి ఇంటికి తీసుకెళతారు, వారికి ఇష్టమేనా, డబ్బు వారి చేతికే అందుతుందా అని. సరైన జవాబు వచ్చాకే వెళ్లాం. అక్కడ బైగా అనే గిరిజన తెగకు చెందిన ఒక అవ్వ, మా అక్క పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ ఒంటి నిండా పచ్చబొట్లు. మా అక్క మోచేతి మీద మా అమ్మమ్మ పొడిపించిన తులసికోట పచ్చబొట్టు ఉంది. భాష తెలియని ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని అరగంట మాట్లాడుకున్నారు. నేను బయట ఇప్పచెట్టు కింద కూర్చున్నాను. నెగడు దగ్గర నృత్యానికీ ఇదే ప్రశ్న అడగండి. ఆడేవారు ఆ ఊరివారై, వారికి దక్కవలసింది దక్కుతుంటే తప్పక చూడండి.

రాత్రులు మూడు కావాలి, రెండు చాలవు. రెండయితే జీపు దిగడం, తినడం, పడుకోవడం, మళ్లీ జీపు ఎక్కడం, అంతే. మూడయితే మీ పిల్లవాడు ఒక సఫారీ మానేసి నానమ్మతో నది దగ్గరికి వెళ్లగలడు.

సీతమ్మధార ప్రయాణం:

టీచర్ గారు చెప్పిన దానికి పర్మిట్ల సంగతి కలుపుతాను, ఎందుకంటే మేము నష్టపోయాం. ఒక ఏజెంటు మాకు రెండు రాత్రులకు మూడు సఫారీలని చెప్పి డబ్బు తీసుకున్నాడు. మధ్యలో బుధవారం వచ్చింది. బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. ఆ విషయం మాకు గేటు దగ్గరే తెలిసింది. మా అమ్మాయి ఆ మధ్యాహ్నమంతా ఏడ్చింది. తేదీలు పెట్టుకునే ముందే క్యాలెండర్ చూసుకోండి.

పర్మిట్ అటవీ శాఖ వెబ్‌సైట్‌లో ముందుగానే తీసుకోవాలి. సంక్రాంతి సమయానికి తొందరగా అయిపోతాయి. కాన్హా, కిస్లీ, ముక్కి, సర్హీ అని నాలుగు జోన్లు. ఏ జోనుకు తీసుకుంటే అందులోనే తిరగాలి. దరఖాస్తులో ఇచ్చిన గుర్తింపు కార్డే, అసలుది, వెంట ఉండాలి. జీపులో ఆరుగురు కూర్చుంటారు. పర్మిట్, జీపు, గైడు మూడింటికీ విడివిడిగా చెల్లించాలి. లాడ్జ్ చెప్పే ధరలో ఏవి కలిశాయో రాతపూర్వకంగా అడగండి.

రాయపూర్ నుంచి కవర్ధా, చిల్పీ ఘాట్ మీదుగా వెళితే సుమారు ఐదు గంటలు. కవర్ధా దగ్గర భోరమ్‌దేవ్ ఆలయం ఉంది. పెద్దవారు ఉన్నారు కాబట్టి అక్కడ ఆగి నడుము వాల్చి వెళ్లండి. ఆలయమూ చూడదగినదే.

మధురవాడ మల్లె:

టీచర్ గారూ, మీరు రాసింది అత్తయ్యకు చదివి వినిపించాను. పచ్చబొట్టు మాట దగ్గర ఆపమని, తన ముంజేతి మీద ఉన్న తేలు బొమ్మ చూపించారు. పెళ్లయి పన్నెండేళ్లయినా దాని కథ నేను ఎప్పుడూ అడగలేదు. వస్తానని గట్టిగా చెప్పారు. కానీ పండుగకు ఇల్లు వదలరట. ఆవిడ జీపు ఎక్కే ఆ ఒక్క సఫారీ ఏది పెట్టుకోమంటారు?

జీవశాస్త్రం టీచర్, ఎంవీపీ కాలనీ:

పండుగకు ఇల్లు వదలమని నేనూ చెప్పను. కనుమ నాడు కాకైనా కదలదు. ముక్కనుమ సాయంత్రం రైలెక్కండి. రెండు మూడు రోజులు బడి పోతుంది. టీచరుగానే చెబుతున్నాను, పోనివ్వండి.

అత్తయ్యగారికి కాన్హా జోన్ తీసుకోండి, మధ్యాహ్నం సఫారీ. ఎండ ఉంటుంది, మోకాళ్లు బిగుసుకోవు. అక్కడ శ్రవణ తాల్ అనే చెరువుంది. దశరథుడు శ్రవణ కుమారుణ్ణి పొరపాటున బాణం వేసింది ఆ చోటేనని స్థానికులు చెబుతారు. ఆ కథను మీ అబ్బాయికి ఆ నీళ్ల పక్కన నానమ్మ నోటి నుంచి విననివ్వండి. ఆవిడను డ్రైవరు వెనక ఉన్న మొదటి వరుసలో కూర్చోబెట్టండి. చివరి వరుస ఎత్తుగా ఉంటుంది, కుదుపులన్నీ దానికే. దారిలో ఎక్కడ పడితే అక్కడ దిగనివ్వరు. మరుగుదొడ్డి ఎక్కడ వస్తుందో బయలుదేరే ముందే గైడును అడిగి ఆవిడకు చెప్పండి.

ఈ లోపు ఒక పని చేయండి. ఆదివారం ఉదయం గేటు తెరవగానే అబ్బాయిని మన కంబాలకొండ అడవికి తీసుకెళ్లండి. ఒకచోట కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడవద్దని చెప్పండి. వినబడ్డ ప్రతి చప్పుడుకూ నోటుపుస్తకంలో ఒక గీత గీయమనండి. కాన్హాలో పులిని ముందుగా పట్టిచ్చేవి కళ్లు కావు, చెవులు. చుక్కల దుప్పి కీచుమని అరుస్తుంది, కొండముచ్చు కొమ్మ మీది నుంచి దగ్గినట్టు హెచ్చరిస్తుంది. కణుజు (సాంబర్ జింక) అరిచిందంటే మా గైడు వెంటనే జీపు తిప్పించేవాడు. అది ఊరికే అరవదని అతని నమ్మకం. మొదటి వారం ఎన్ని గీతలు వచ్చాయో, నాలుగో వారం ఎన్ని వచ్చాయో నాకు ఇక్కడ రాయమనండి.