నాన్న వీలునామాలో నా పేరే లేదు, ముందు ఎక్కడికి వెళ్లాలి?

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలు. రెండు తాత నుంచి వచ్చినవి, రెండు నాన్న కొన్నవి. నాన్న దినాలు అయిన మర్నాడే అన్న వీలునామా తీశాడు, మొత్తం తనకేనట. రిజిస్టర్ కాలేదు. సాక్షులిద్దరూ వదిన తరఫువాళ్లే. పక్షవాతం వచ్చాక నాన్న కుడిచెయ్యి లేవనేలేదు, మరి అంత చక్కటి సంతకం ఎలా పెట్టాడు? ఆస్పత్రి కాగితాలు నా దగ్గరున్నాయి, పనికొస్తాయా?

రిజిస్టర్ కాకున్నా వీలునామా చెల్లొచ్చనీ, తాత భూమిలో మాత్రం హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం కూతురిగా నాకూ వాటా ఉందనీ ఒక వకీలు అన్నారు. ముందు తహసీల్దారుకు అభ్యంతరం ఇవ్వాలా, నేరుగా సివిల్ కోర్టులో పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేయాలా? ఈలోపు పట్టా మార్పించుకుంటాడని టెన్షన్. అమ్మ అన్న దగ్గరే ఉంటోంది, ఆమెను సాక్ష్యానికి లాగాలంటే మనసు రావట్లేదు.