లంకల్లో మగపిల్లల సలహా బృందం: వచ్చిన రోజుకు డబ్బు ఇవ్వాలా, వద్దా?

గోదారి సమన్వయం
అందరికీ నమస్కారం. కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ మధ్యనున్న నాలుగు లంకల్లో మా చిన్న స్వచ్ఛంద బృందం పనిచేస్తోంది. ఊళ్ల పేర్లు కావాలనే రాయడం లేదు. 14 నుంచి 18 ఏళ్ల మగపిల్లలు పన్నెండు మందితో, లంకకు ముగ్గురి చొప్పున, ఒక సలహా బృందం ఏర్పాటు చేస్తున్నాం. పడవ ప్రయాణం, చదువు మానేయడం, మత్తు అలవాట్లు, వరద రోజులు, వీటిలో మా దగ్గరున్న కొద్దిపాటి డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో వాళ్లే చెప్పాలి. నెలకో ఆదివారం ఒడ్డున ఉన్న ఊళ్లో రామాలయం అరుగు మీద కలుద్దామనుకుంటున్నాం. ఆదివారమైతే సగం మంది అరటి గెలలు మోయడానికో, కొబ్బరి ఒలుపుకో పోతారు. ఆ పూట కూలి పోకుండా తలకు 200 రూపాయలు, పడవ ఛార్జీ ఇద్దామని మా ఆలోచన. మా కమిటీలో ఒక పెద్దాయన ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పాత మాస్టారు
ఆ పెద్దాయన ఎవరో గానీ ఆయనదే సరైన మాట. ముప్ఫై ఏళ్లకు పైగా బళ్లలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. పిల్లవాడి నోటి నుంచి మాట రావాలంటే డబ్బు ఇవ్వాలా? రేపు పదో తరగతి ప్రత్యేక తరగతులకు కూడా మాకెంత ఇస్తారని అడుగుతారు. పైగా పద్దెనిమిదేళ్లు నిండని వాడికి రోజు లెక్కన డబ్బు ఇస్తే దాన్ని ఏమంటారు? కూలి అంటారు. పిల్లల కోసం పెట్టిన సంస్థే పిల్లలకు కూలి ఇచ్చిందని రేపు పేపర్లో వస్తే జవాబు ఎవరు చెబుతారు? దీనికంటే సులువైన దారి ఉంది. బడిలో ప్రధానోపాధ్యాయుణ్ని అడగండి, తరగతికి ఇద్దరు చురుకైన వాళ్లను ఆయనే పంపిస్తారు. బడి జరిగే రోజే ఒక పీరియడ్ కేటాయించండి. ఖర్చు లేదు, తలనొప్పి లేదు.

రావులపాలెం రైతు
200కి ఈ రోజుల్లో ఒలుపుకు ఎవరు వస్తున్నారండీ? నాకూ చెప్పండి, తీసుకెళ్తాను.

లంకలో పుట్టినవాడు
మాస్టారికి నమస్కారం. ముందు చట్టం సంగతి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు వాళ్లను పనిలో పెట్టుకోకూడదు, బడి వేళలు అయ్యాక సొంత కుటుంబానికి పనిలో సాయపడటం లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. 14 నుంచి 18 మధ్య వాళ్లకు నిషేధం ప్రమాదకరమైన పనుల మీద. అరుగు మీద కూర్చుని మాట్లాడటం ఆ జాబితాలో లేదు. మా ఊళ్లో పదిహేనేళ్ల వాడు భుజం కాయలు కాసేలా గెల మోస్తుంటే ఎవరికీ గుర్తురాని చట్టం వాడు రెండు గంటలు కుర్చీలో కూర్చుంటానంటే గుర్తొచ్చిందా?

ఇక చురుకైన పిల్లల సంగతి. నేనూ మీ లెక్కలో చురుకైనవాణ్నే. తొమ్మిదిలో ఉండగా మా బళ్లో పిల్లల సభ అన్నారు. ఒక అధికారి వస్తున్నారని తెల్లచొక్కాలు వేయించారు. నేను చదవాల్సిన కాగితం మా సారే రాసిచ్చారు: పచ్చదనం, పరిశుభ్రత, క్రమశిక్షణ. చివర్లో ఆయన ఇంకేమైనా ఉందా బాబూ అని అడిగితే, రేవులో దీపం లేదండీ, చీకట్లో పడవ దిగేటప్పుడు బురదలో జారి పడుతున్నాం అన్నాను. ఆయన తల ఊపి రాసుకున్నారు. సాయంత్రం సారు నన్ను గది బయట నిలబెట్టి పరువు తీశావురా అన్నారు. దీపం రాలేదు. చురుకైన వాళ్లం మేమంతా ఆ తర్వాత హాస్టళ్లకు, అక్కణ్నుంచి హైదరాబాద్‌కు వెళ్లిపోయాం. ఇప్పుడు లంకలో ఉన్నది మీరు పంపించని వాళ్లే. అడగాల్సింది వాళ్లనే.

పాత మాస్టారు
మీ సారు చేసింది సరైందని నేను అనలేదు. నా ప్రశ్న వేరు. 200 తీసుకున్నట్టు వోచరు మీద ఎవరు సంతకం పెడతారు? మైనరు సంతకం చెల్లదు. తల్లిదండ్రులు పెడితే ఆ డబ్బు తండ్రి జేబులోకి, అక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. దీనికి జవాబు చెప్పండి, తక్కినవి తర్వాత.

ఏటిగట్టు ఆరోగ్య కార్యకర్త
మీరు డబ్బు దగ్గరే ఆగిపోయారు గానీ, ఈ పని పేరుకు ఇదివరకే ఉంది. కేంద్రం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం. సుమారు వెయ్యి జనాభాకు, అంటే ఒక ఆశా పరిధికి, తోటి పిల్లలకు ఆరోగ్య విషయాలు చెప్పే నలుగురు తోటి బోధకులు ఉండాలి: ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. మా దగ్గర ఆడపిల్లలు బాగానే కలిశారు. మగపిల్లల పేర్లు మాత్రం పుస్తకంలోనే మిగిలాయి. ఆశా మహిళ, నేనూ మహిళనే. ఏమిట్రా అంటే నవ్వి తప్పుకుంటారు. ఒకసారి శిబిరం ముగిసి మందుల పెట్టె సర్దుకుంటుంటే ఒక కుర్రవాడు వచ్చాడు. అందరూ వెళ్లేదాకా సైకిలు చైను సరిచేస్తున్నట్టు కూర్చుని, తర్వాత దగ్గరకు వచ్చి, గొంతు ఇలా బొంగురు పోయింది, గుట్కా వల్లా లేక వయసు వల్లా అని అడిగాడు. తండ్రి చెన్నైలో, తల్లి కువైట్లో. ఇంట్లో అడగడానికి అమ్మమ్మ ఒక్కతే. ఇలాంటి వాళ్లు పన్నెండు మంది ముందు నోరు విప్పరు. బృందం పెట్టండి, కాదనను. ఆ ప్రశ్నలు కూడా అందులోనే వస్తాయని మాత్రం అనుకోకండి. వాటికి వేరే మనిషి, వేరే సమయం కావాలి.

యానాం నుంచి
ఆడపిల్లలు పడవ ఎక్కరా? 2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి పడవ తిరగబడినప్పుడు గల్లంతైన వాళ్లలో ఎక్కువ మంది బడి నుంచి ఇళ్లకు వస్తున్న ఆడపిల్లలే. పడవ భద్రత మీద సలహా మగపిల్లల్నే అడుగుతారా?

గోదారి సమన్వయం
న్యాయమైన ప్రశ్న. ఆడపిల్లలతో కిశోరి బృందం ఇప్పటికే నడుస్తోంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెడితే మగపిల్లలు గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు, అందుకే వేరుగా పెడుతున్నాం. పడవ విషయం వచ్చినప్పుడు రెండు బృందాలూ కలిసే కూర్చుంటాయి. అది తప్పకుండా జరుగుతుంది.

బడి రోజు పీరియడ్ తీసుకుందామంటే, చదువు మానేసిన వాళ్లు బడికి రారు. మాకు వాళ్లూ కావాలి. లంకకు ముగ్గురిలో ఒకడైనా బడి మానేసినవాడు ఉండాలని నియమం పెట్టుకున్నాం.

పాత మాస్టారు
అదీ సంగతి. రేవు దగ్గర పగలంతా కూర్చునే ఆ కుర్రవాళ్లను తీసుకొచ్చి సలహా అడుగుతారన్నమాట. పదిమంది అలాంటివాళ్లను ఒకచోట చేర్చి చేతిలో డబ్బు పెడితే ఏమవుతుందో 2022 మేలో అమలాపురంలో చూడలేదా? జిల్లా పేరు మార్పు గొడవలో ఇళ్లు తగలబెట్టిన గుంపుల్లో ఎంతమంది కుర్రవాళ్లున్నారు? బాధ్యత తెలిసినవాడు మాట్లాడే మాటలేనా ఇవి?

లంకలో పుట్టినవాడు
ఏ కుర్రవాళ్లు మాస్టారూ? ఊరికే "అలాంటివాళ్లు" అంటే ఎలా, ఏ వీధివాళ్లో చెప్పండి. రేవు దగ్గర కూర్చునేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇసుక పడవ వస్తే దిగి తట్ట ఎత్తేవాళ్లు, పడవ రాని రోజు కూర్చునేవాళ్లు. మా దళితపేటవాళ్లు. వాళ్లు కాసేపు కూర్చుంటే మీ కంటికి గుంపు, సెంటర్లో టీ కొట్టు దగ్గర బళ్ల మీద కూర్చునేవాళ్లు మాత్రం యువత.

సమన్వయం గారూ, ఎవరూ అడగలేదు కాబట్టి మిమ్మల్నీ అడుగుతున్నాను. రామాలయం అరుగు మీద అన్నారు. పేట పిల్లవాడు ఆ అరుగు ఎక్కి మధ్యలో కూర్చుంటాడా, మెట్టు దగ్గర నిలబడి వింటాడా? మీరు రమ్మంటే ఎక్కుతాడు, నిజమే. మరుసటి రోజు మీరుండరు.

రావులపాలెం రైతు
ఇదిగో, అసలు విషయం ఇప్పుడు బయటికొచ్చింది.

మస్కట్ నుంచి ఒక తల్లి
నేనెప్పుడూ రాయను, చదువుతాను అంతే. మావాడికి పదహారు. లంకలో మా అమ్మ దగ్గర ఉంటాడు. మీరు చెప్పే వయసువాడే. డబ్బిస్తారో లేదో నాకు పట్టదు. వాడి పేరు ఏ కాగితం మీదా వద్దు.

2022లో గొడవలప్పుడు ఇంటర్నెట్ ఆపేశారు. అన్ని రోజులూ నా కొడుకు ఎలా ఉన్నాడో తెలియక ఇక్కడ గల్లీలో దొరికిన ప్రతివాడి ఫోనూ అడుక్కున్నాను. తర్వాత మా బంధువుల అబ్బాయిని పిలిచారు. ఏం చేశాడని? ఒక వాట్సాప్ గ్రూపులో వాడి నంబరు ఉంది. వాణ్ని అందులో చేర్చింది ఎవరో వాడికే తెలియదు. రెండు రోజులు వాళ్లమ్మ స్టేషన్ బయట కూర్చుంది. వదిలేశారు లెండి. కానీ ఇప్పుడు పాస్‌పోర్టుకు పెట్టాలంటే ఆ ఇంట్లో భయం. మావాడు చదువుకోనంటే రేపు వాడికి మిగిలిన దారి ఇక్కడికి రావడమే. గ్రూపులో ఎవరెవరు ఉన్నారో పేరు, నంబరు, ఫొటో మీరు రాసుకుంటారు కదా? అది ఎవరి దగ్గర ఉంటుంది?

గోదారి సమన్వయం
అమ్మా, దాచకుండా చెబుతున్నాను. హాజరు పట్టీ మా ఆఫీసులో ఉంటుంది. మాకు డబ్బిచ్చే వాళ్లు ప్రతి సమావేశానికీ పేర్లు, రెండు ఫొటోలు అడుగుతారు. మేం పంపిస్తాం. అక్కణ్నుంచి వాళ్లు ఏం చేస్తారో మా చేతిలో లేదు.

పాత మాస్టారు
పేర్లు లేకుండా పడవ ఎక్కిస్తారా? ఈ తల్లి బాధ నాకు అర్థమవుతోంది, కానీ వినండి. ఇందాక ఒకరు పశువుల్లంక అన్నారు. ఆ సాయంత్రం పడవలో ఎంతమంది ఉన్నారన్నదే మొదట తేలలేదు, గుర్తుందా? రాసిన కాగితం లేదు. నేను పనిచేసిన బడికి సగం మంది పిల్లలు పడవ మీదే వచ్చేవాళ్లు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వస్తే మధ్యాహ్నమే పిల్లల్ని పంపించేసేవాణ్ని. పంపినవాణ్ని నేను, దాటించేది ఎవరో పడవవాడు. అవతలి ఒడ్డుకు చేరారని ఫోను వచ్చేదాకా బడి గేటు దగ్గరే నిలబడేవాణ్ని. ఒక ఏడాది ఒక పిల్లవాడు రేవులో ఆగిపోయి మేనమామ ఇంటికి వెళ్లాడు, చెప్పలేదు. రాత్రి పదకొండింటికి వాడి తండ్రి నా కాలరు పట్టుకున్నాడు. సర్వీసులో నా మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు అది. ఇప్పుడు మీరు నెలకోసారి పన్నెండు మంది పిల్లల్ని ఏరు దాటించి తెస్తామంటున్నారు. బడి కాదు, ప్రభుత్వం కాదు. ఏమైనా అయితే ఎవరి కాలరు పట్టుకుంటారు? నేను 200 గురించి అడిగిందీ ఇందుకే. డబ్బు కోసమైతే పిల్లలు వరదలోనూ వస్తారు.

లంకలో పుట్టినవాడు
ఈ మాట మొదటే చెప్పి ఉంటే మనకు ఇంత రాద్ధాంతం ఉండేది కాదు మాస్టారూ. పేటవాళ్లను మీరన్న మాట మాత్రం అలాగే ఉంది. దాన్ని ఇక్కడితో వదిలేయను.

ఏటిగట్టు ఆరోగ్య కార్యకర్త
నాకు అర్థం కానిది ఒక్కటే. పిల్లలు ఎందుకు దాటాలి? నేను టీకా పెట్టెతో వారం వారం దాటుతున్నాను. మీరు నలుగురు పెద్దవాళ్లు, మీరు దాటండి. ఒక నెల ఒక లంక, మరో నెల మరో లంక. ఆ ముగ్గురితో, ఇంకా ఎవరైనా వస్తే వాళ్లతో కూర్చోండి. పన్నెండు మంది ఒకచోట కలవాలంటే ఏడాదికి ఒకసారి చాలు, అది కూడా నీరు తగ్గాక, మాఘమాసంలో. తుపాను షెల్టరు ఉన్న లంకలో దాని మీదే కూర్చోండి, అది ఎవరి వీధిదీ కాదు.

యానాం నుంచి
లైఫ్ జాకెట్లు? పెద్దవాళ్లకు కూడా.

లంకలో పుట్టినవాడు
ఇది బాగుంది. కలిసే ఆ ఒక్కరోజుకు ఎక్కినవాళ్ల పేర్లు పడవవాడి దగ్గర ఒక కాగితం, గట్టు మీద ఇంకొకరి దగ్గర ఒక కాగితం. అందరూ ఇళ్లకు చేరాక రెండూ చించేయండి. మాస్టారు అడిగిన లెక్కా ఉంటుంది, ఆ అక్క భయపడే పట్టీ ఉండదు. డబ్బిచ్చేవాళ్లకు ఎంతమంది వచ్చారు, ఏం చెప్పారు అన్నది రాసి పంపండి చాలు. ఎవరు చెప్పారన్నది వాళ్లకెందుకు?

గోదారి సమన్వయం
లంకలకు మేమే వెళ్లడం ఖాయం చేస్తున్నాం. అరుగు మార్చాం: రెండు లంకల్లో షెల్టర్లు ఉన్నాయి, మూడోదాంట్లో బడి వరండా. నాలుగోదాంట్లో చోటు ఏదో అక్కడి పిల్లల్నే అడుగుతాం. వరద నెలల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా, సమావేశం లేదు. పేర్లు, ఫొటోల సంగతి డబ్బిచ్చేవాళ్లతో మాట్లాడాలి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. పోయిన ఏడాది వేరే పనికి ఫొటోలు ఆలస్యమైతే చివరి విడత ఆపేశారు.

పూట కూలి ఇవ్వాలన్న మాట మీద మాత్రం మేం నిలబడతాం. వోచరు మీద పిల్లవాడికి బదులు అమ్మమ్మ గానీ తల్లి గానీ సంతకం పెడతారు.

పాత మాస్టారు
మిగతావి సరే. డబ్బుకు నేను ఒప్పుకోను. భోజనం పెట్టండి.

రావులపాలెం రైతు
భోజనానికి అంతకంటే ఎక్కువే అవుతుంది మాస్టారూ.

మస్కట్ నుంచి ఒక తల్లి
వాళ్లకు రాసి, వాళ్లేమన్నారో ఇక్కడే పెట్టండి. ఫొటో తీయరంటే మా అమ్మతో మాట్లాడతాను. తీస్తారంటే మావాణ్ని అడగవద్దు.