వాగు పక్కన చవక ఇల్లు: తీసుకోవచ్చా?

ప్రశ్న:
రెండు ఇళ్లు చూశాం. ఒకటి వాగు పక్కన, బాగా చవక. ఇంకోటి మిట్ట మీద, నెల వాయిదా మూడో వంతు ఎక్కువ. చవక ఇంటి గోడకి కొత్త రంగు వేసినా, మోకాలి ఎత్తున గోధుమరంగు చార కనిపిస్తూనే ఉంది. అడిగితే "అది వందేళ్లకోసారి వచ్చే వరద" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు 1:
అంటే వందేళ్లు ఆగి వస్తుందని కాదండీ. ఏటా 1 శాతం అవకాశం ఉందని. 30 ఏళ్ల లోన్ తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం! బీమా ప్రీమియం కూడా వాయిదాకి కలిపి చూడండి, ఎంత మిగులుతుందో.

జవాబు 2:
మాదీ అలాంటి ఇల్లే. నీళ్లు ఉన్నది ఒక్క రాత్రే. బురద ఎత్తడానికి వారం, గోడలు ఆరడానికి నెలలు పట్టింది. ఉబ్బిన తలుపులు ఇప్పటికీ సరిగా పడవు. ఆ చార చూశాక కూడా తీసుకోకండి, దయచేసి.

జవాబు 3:
మిట్ట అయినా వెనక వాలు చూడండి. మట్టి తవ్వేసి ఉన్నా, చెట్లు పక్కకి ఒరిగి ఉన్నా కొండచరియ భయం ఉంటుంది.

అడిగినవారు:
పెద్ద వాన పడగానే మర్నాడు రెండు చోట్లకీ మళ్లీ వెళ్తాను. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.