పబ్‌లో జానపద సెషన్లకు కొత్తవాళ్లను రానిస్తారా?

కొత్తగా_వచ్చా
నాలుగు గంటలుగా ఫోన్‌లో వెతుకుతున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. ఎమ్మెస్సీకి వచ్చి ఆరు వారాలైంది. పదేళ్లు నేర్చుకున్న విద్య, ఇక్కడికొచ్చాక వాయిద్యం పెట్టె మూత తీయలేదు. మొన్న ధైర్యం చేసి ఒక పబ్‌కి వెళ్లాను. పది మంది గుండ్రంగా కూర్చుని వాయిస్తున్నారు. ఖాళీ కుర్చీలో కూర్చోబోతే "అది ఫ్లూట్ ఆయనది" అన్నారు. గోడకు ఆనుకుని అరగంట నిలబడి వచ్చేశాను. మళ్లీ వెళ్లాలంటే టెన్షన్. మనలాంటి వాళ్లను కలుపుకునే చోటు చెప్పండి, ప్లీజ్.

గట్టుమీద
ఏ ఊరు? ఏ వాయిద్యం?

నొట్టుస్వరం
ముందు మాట సరిచేసుకుందాం. అది జానపదం కాదండీ, వాళ్లు "ట్రెడిషనల్" అంటారు. మన జానపదం నాట్లలో, తిరునాళ్లలో పుట్టింది. ఇది బల్లల చుట్టూ వాయించే డ్యాన్సు బాణీలు. ఈ బాణీలు మనకు కొత్తేం కాదు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు బాణీలు విని శంకరాభరణం రాగంలో నొట్టుస్వరాలనే చిన్న పాటలు కట్టారు. ఆయన తమ్ముడు బాలుస్వామి మద్రాసులో వయొలిన్ పట్టకపోతే ఈ రోజు మన కచేరీలు ఇలా ఉండేవా?

గట్టుమీద
పొలంలో పుట్టలేదని ఎవరన్నారు? పాటల సేకర్త హేమిష్ హెండర్సన్ 1950లలో స్కాట్లండ్‌లోని బ్లెయిర్‌గౌరీ తోటల్లో పళ్లు కోసే సంచారుల దగ్గర కూర్చుని పాటలు రికార్డు చేశాడు. అడిగిన పిల్లకి జవాబు చెప్పండి ముందు.

కొత్తగా_వచ్చా
అయ్యో, చెప్పనేలేదు. ఎడిన్‌బరా. వయొలిన్, కర్ణాటకం.

మెడోస్_అక్క
మా ఊరే! చెల్లీ, ఫారెస్ట్ రోడ్డులో సాండీ బెల్స్‌కి వెళ్లు, యూనివర్సిటీకి నడిచేంత దూరం. ఇన్ఫర్మరీ వీధిలో రాయల్ ఓక్ కూడా ఉంది, అక్కడ పాటలెక్కువ. శనివారం రాత్రి వద్దు, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంది. వారం మధ్యలో పెందలాడే వెళ్లి, "ఈ కుర్చీ ఎవరిదైనా ఉందా?" అని అడిగి అంచున కూర్చో. మొదటి రోజు పెట్టె మూసే ఉంచు. బాణీని రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండా ఇంకోదానిలోకి దూకుతారు. ఆ దూకడం చెవికి పట్టాలి. మందు తాగాల్సిందేనని లేదు, సోడాలో నిమ్మ చాలు.

అసలు చిక్కు శ్రుతి. నాలుగు తీగలకు మన స-ప-స-ప పనికిరాదు, వాళ్ల జి-డి-ఎ-ఇ స్వరాలకి మార్చాలి. రెండో తీగ నుంచి మూడో తీగకు దూరం మారుతుంది కాబట్టి వేళ్లు తడబడతాయి. పైగా ఇక్కడ పాదం మీద ఆనించే వీలుండదు, గడ్డం కింద పట్టాలి. ఇంట్లో రెండు వారాలు సాధన చెయ్యి. ఎక్కువగా డి, జి మేజర్ స్కేళ్లే, అంటే నీ శంకరాభరణమే. గమకం, అదే స్వరాన్ని ఊపడం, మాత్రం తగ్గించు. తిస్రం (మూడు లెక్క) వచ్చిన చేతికి జిగ్ అనే డ్యాన్సు బాణీ తొందరగానే దొరుకుతుంది.

మీ యూనివర్సిటీలోనే విద్యార్థుల ఫోక్ సొసైటీ ఉంది. ముందు వాళ్లతో కలిసి వెళ్తే ఆ కుర్చీ భయం పోతుంది. నేను అలాగే మొదలుపెట్టాను.

నొట్టుస్వరం
గమకం ఎందుకు తగ్గించాలి? వాళ్లూ స్వరానికి ముందు చిన్న విరుపులు వేస్తారు కదా.

మెడోస్_అక్క
విరుపు వేరు, ఊపు వేరు అన్నయ్యా. పది మంది ఒకే బాణీ వాయిస్తుంటే మనం ఊపితే శ్రుతి పక్కకు జారినట్టు వినిపిస్తుంది.

కొత్తగా_వచ్చా
థాంక్స్ అక్కా, సొసైటీకి మెసేజ్ పెట్టాను. ఇప్పుడే శ్రుతి పెంచుతుంటే పై తీగ తెగింది, ఇంటి నుంచి తెచ్చిన పాతది. ఇక్కడ విడి తీగలు ఎక్కడ దొరుకుతాయి?