గుణింతాలన్నీ అయ్యాకే కథల పుస్తకమా? మా ఇంట్ల రోజూ ఇదే పంచాయితీ

కరీంనగర్_అమ్మ
మా పాపకు ఆరేండ్లు నిండినయ్. ఒకటో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు పీరియడ్ ఉంది గని బోర్డు మీదిది నోట్సుల దించుకునుడే. అందుకే మా మామ రోజూ పొద్దుగూకంగ కూసోపెట్టి గుణింతాలు చెప్పిస్తడు. క నుంచి క్ష దాకా ఎక్కడా ఆగకుండ చెప్తది. వింటుంటే ముచ్చటగనే ఉంటది.

చదవమంటేనే తిప్పలు. నిన్న "మీసాలు" అని రాసి చూపించిన. లోపల్లోపల "మ మా మి మీ" అని పాడుకుంట వచ్చి "మీ" దగ్గర ఆగింది. తర్వాత "స సా". తర్వాత "ల లా లి లీ లు". లు దొరికేసరికి మొదట ఏముండెనో మర్చిపోయింది. "ఏం చదివినవ్ బిడ్డా?" అంటే నా మొకం చూసింది.

కథల పుస్తకాలు మొదలుపెడదామని నేనంట. "ఒత్తులు రాకుండ కథలేంది, పునాది లేకుండ గోడ లేపుతవా?" అని మామ. మా ఆయన మా ఇద్దరి నడుమల నుంచి లేచి టీవీ దిక్కు పోతడు. మీ ఇండ్లల్ల ఎట్ల చేసిన్రు?

విశాఖ_నాన్న
మేం గుణింతాల జోలికే వెళ్లలేదండి. రోజూ పడుకునే ముందు కథ చదివి వినిపించేవాళ్లం. ఒకే ఏనుగు కథ, ఎన్ని పదులసార్లు చదివానో లెక్కలేదు. అయిదున్నర ఏళ్లకి మావాడు ఆ పుస్తకం తనే చదివేశాడు. వర్ణమాల వరస నిఘంటువు చూడ్డానికి పనికొస్తుంది, పిల్లాడికెందుకు? ఌ, ౡ మీరు ఆఖరిసారి ఏ పదంలో చూశారు చెప్పండి. మీ మామగారికి నా నమస్కారాలు, కానీ ఆ పాటతో చదవడం రాదు.

పాత_పంతులు
విశాఖ నాన్నగారూ, మీ బాబు చదివింది పుస్తకాన్నా, జ్ఞాపకాన్నా? ముప్పై ఒక్క ఏళ్లు ఒకటో తరగతికి చెప్పినవాణ్ణి, అందుకే అడుగుతున్నా. ఇవాళ రాత్రి బొమ్మ మీద అట్టముక్క అడ్డం పెట్టండి. పేజీ మధ్యలో ఏదో ఒక పదం కింద వేలు పెట్టి అదేంటో అడగండి. వరుసగా మాత్రం వద్దు. ఏం జరిగిందో రేపు ఇక్కడే రాయండి.

విశాఖ_నాన్న
రాస్తున్నా మాస్టారూ. పది పదాలు అడిగితే అయిదు చెప్పాడు. "వెళ్లింది" దగ్గర వేలు పెడితే "వచ్చింది" అన్నాడు. కొంచెం సిగ్గుగానే ఉంది.

అయినా ఒక మాట. మావాడు పుస్తకం పట్టుకుంటే గంటసేపు కదలడు. గుణింతాలు మొదలెడితే ఆ ఇష్టం ఉంటుందా?

పాత_పంతులు
ఇష్టం ఉండాలి, కాదనను. తప్పు గుణింతానిదీ కాదు, కథదీ కాదు. గుణింతాన్ని వరుసలోనే నేర్పడం తప్పు. కరీంనగర్ అమ్మా, మీ పాపకి "మీ" అనే అక్షరం వచ్చు. కాకపోతే అది "మి" పక్కన కూర్చుని ఉంటేనే గుర్తుపడుతుంది, దారిలో ఒంటరిగా కనబడితే పోల్చుకోలేదు. మీ మామగారిని గుణింతం మానమని అడగకండి, ఊరుకోరు. వరుస కలిపేయమని అడగండి. చిన్న చిన్న అట్టముక్కల మీద కూ, మి, సా, లో రాసి పేకముక్కల్లా వేయమనండి.

నేను బడిలో చేసింది చెబుతా. ముందు నాలుగే అక్షరాలు: ప, ల, క, వ. వీటితోనే పలక, వల, కలప వచ్చేస్తాయి. దీర్ఘం, గుడి, కొమ్ము చేర్చండి: పాలు, కాకి, పులి, కాలువ, వాకిలి. వారం తిరక్కుండానే పిల్ల చదివింది ఒక వస్తువు అవుతుంది, ఒట్టి శబ్దం కాదు. ఒక జాగ్రత్త. కు లో కొమ్ము అంటుకునే చోటు వేరు, పు, వు లలో వేరు. మొ, యొ అయితే కొ, పొ లకు చుట్టాలనిపించవు. ఇలాంటివి విడిగా చూపించాలి. చాలామంది ఇక్కడే పిల్లని మొద్దు అంటారు, మొద్దుతనం చెప్పేవాళ్లది.

ఇక ఒత్తులు. గ, డ, ద, ప లాంటి వాటికి తలకట్టు తీసి కింద పెడితే దాదాపు అదే ఒత్తు. కష్టం త, న, మ, య, ర, ల లతో. ఈ ఒత్తులకు అసలు అక్షరం పోలిక ఉండదు. వీటికి పుస్తకం అక్కర్లేదమ్మా, చుట్టాలు చాలు. అత్త, అన్న, అమ్మ, అయ్య, చెల్లి. క ఒత్తుకి అక్క ఉండనే ఉంది. మిగిలింది ర ఒత్తు, అది చంద్రుడు చూసుకుంటాడు. ఇంట్లో ఫోటోల కింద ఈ పేర్లు రాసి అంటించండి. ఒత్తులన్నీ అయ్యేదాకా కథ ఆపక్కర్లేదు, కథలో ఒత్తు వచ్చినచోట మీరు చదవండి, మిగతాది పాప చదువుతుంది.

న్యూజెర్సీ_తెలుగు
మాస్టారి మాటకి ఒక ఆధారం. మన లిపికి దగ్గరి బంధువు కన్నడ. కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారన్న దాని మీద సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పడుతుందని అందులో తేలింది. ఇంగ్లీషుకి 26 అక్షరాలు, మనకి గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రూపాలు. అన్నీ అయ్యాకే కథ అంటే పిల్లకి తొమ్మిదేళ్లు వచ్చేస్తాయి.

మా బాధ ఇంకోటి. మాస్టారి పదాలు నిన్న మావాడి చేత చదివించా. వాకిలి టక్కున చదివాడు. చదివి, "నాన్నా, వాట్ ఈజ్ వాకిలి?" అన్నాడు. మాది మూడో అంతస్తులో అపార్ట్‌మెంటు. ఏం చూపించను? కారిడార్ చూపించా.

కరీంనగర్_అమ్మ
సార్, అట్టముక్కలు చేసినం. మామకు పేకాట అలవాటే గద, పంచుడు మస్తు నచ్చింది!

గని కొత్త పంచాయితీ. స్టోరీవీవర్ అనే వెబ్‌సైటుల తెలుగు కథలు ఉచితంగ దొరుకుతయంటే ఒకటో స్థాయిది ఒకటి తెరిచిన. "తాత వచ్చాడు" అని ఉన్నకాడ పాప "తాత వచ్చిండు" అని చదివింది. మామ తప్పన్నడు. మేం ఇంట్ల మాట్లాడేదే అట్ల. అది తప్పా?

పాత_పంతులు
తప్పని ఆపకండమ్మా. వ, చ్చ చూసింది, అర్థం పట్టుకుంది, తన నోటి మాటలో చెప్పింది. అర్థం కాని పిల్ల అలా మార్చలేదు.

విశాఖ_నాన్న
ఇదేం న్యాయం మాస్టారూ? మావాడు మారిస్తే ఊహ, వాళ్ల పాప మారిస్తే అర్థమా?

పాత_పంతులు
మీవాడు వెళ్లిందాన్ని వచ్చేలా చేశాడు, కథే తిరగబడింది. ఆ పాప వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఉంచింది. అయితే మీరన్నదాంట్లోనూ కొంత ఉంది. వాక్యం పూర్తయ్యాక పదం చివర వేలు పెట్టి "ఇక్కడ ఏ అక్షరం ఉంది?" అని ఒకసారి అడగాలి. "డు" ముందున్న "చ్చా" చూపిస్తుంది. పుస్తకంలో వచ్చాడు, ఇంట్లో వచ్చిండు, రెండూ మనవే అని చెప్పండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలని ఇలాంటివాటికే దిద్దేవాణ్ణి. వాళ్లు గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టాక గానీ నాకు తెలిసిరాలేదు.

సర్కారుబడి_టీచర్
ఇంట్లో ఇంత కొట్లాట జరగడమే నాకు సంతోషం. ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే అసర్ సర్వే ఉంది కదా, 2022లో దాని ప్రకారం తెలంగాణ గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 5.2 శాతం. కరోనాకి ముందు, 2018లో 18.1. ఆంధ్రలో 22.6 నుంచి 10.3కి పడింది. అంటే కరోనా లేనప్పుడు కూడా అయిదుగురిలో దాదాపు నలుగురికి రాలేదన్నమాట. తప్పంతా కరోనా మీదికి తోసేవాళ్లు ఈ పాత అంకె చూడరు.

ఇంకోటి, ఎవరూ స్టాప్‌వాచ్ పట్టకండి. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లెక్క ప్రకారం మూడో తరగతిలో నిమిషానికి 60 పదాలు, అదీ అర్థంతో. ఈ "అర్థంతో" అన్నది అందరూ మర్చిపోతారు. పైగా "వెళ్లిపోతున్నాడు" మనకి ఒక్క పదం. వాచీ పెడితే పిల్లలు చేసేది ఒకటే, పదం చివర మింగేస్తారు. తెలుగులో ఎవరు, ఎప్పుడు అన్నదంతా ఆ చివరే ఉంటుంది. ఒకే పేజీ మీరు ఒకసారి, పాప ఒకసారి, మూడు రోజులు చదవండి. మూడోరోజు గొంతులో మాట్లాడే తీరు వస్తే ఆ పేజీ అయినట్టే.

కరీంనగర్_అమ్మ
మూడు వారాలైంది, చెప్పిపోదామని వచ్చిన.

మొన్న బస్టాండ్ల నిలబడ్డం. ఎదురుంగ బస్సు మీద "పల్లె వెలుగు". పాప నా కొంగు గుంజి, "ప... ల్లె... పల్లె!" అన్నది. వెలుగు కాడ "ల లా" అని సన్నగ పాట మొదలువెట్టి, మళ్ల ఆపేసి "లు" అన్నది. మామ నా దిక్కు చూసి, "ల ఒత్తు నేనింక చెప్పలేదే" అన్నడు. ఫ్రిజ్ మీద చెల్లి ఫోటో కింద అంటించింది చదివిందని నేను చెప్పలే.

గుణింతాలు బందు కాలేదు, సాయంత్రం నడుస్తనే ఉన్నయ్. అయితే ఇప్పుడు నడుమల నుంచి అడుగుతుండు. కథ రాత్రి నేను చదువుత, ఒక్కో వాక్యం పాపది. కొన్ని రోజులు నిద్రొస్తుందని ఎగ్గొడ్తది, నేను కూడ పట్టు పట్టను.

సార్, ఒక్కటే మిగిలింది. ఘ, ఝ గుణింతాలు ఇప్పుడే కావాల్నా? వాటికాడ మాత్రం మామ తగ్గుతలేడు.

పాత_పంతులు
పులిహోర చేసిన రోజు "ఘుమఘుమ" అని రాసి గిన్నె పక్కన పెట్టండమ్మా. ఝ కి తొందరేం లేదని నా మాటగా చెప్పండి. వినకపోతే ఫోన్ ఆయనకే ఇవ్వండి, ఇక్కడే తేల్చుకుంటాం.