ప్లేటింగ్ షాపు ల్యాబులో పని, హైపోథైరాయిడ్: సైనైడ్ వల్లే టీఎస్‌హెచ్ పెరిగిందా?

మదనపల్లె_టమాట అడిగారు:

బెంగళూరు పీణ్యాలో ఒక ఎలక్ట్రోప్లేటింగ్ షాపు. మా ఆవిడ అక్కడ ల్యాబు కెమిస్టు. ట్యాంకుల నుంచి శాంపిళ్ళు తెచ్చుకుని టైట్రేషన్లు (ద్రావణంలో ఏది ఎంతుందో కొలవడం) చేయడం, హల్ సెల్ (పూత ఎలా పడుతుందో చూసే చిన్న పరీక్ష) చూడటం ఆమె పని. కాపర్ సైనైడ్, సిల్వర్ సైనైడ్, నికెల్, క్రోమ్, నాలుగు లైన్లూ ఉన్నాయి.

వివరాలు: వయసు 31, బరువు 62 కిలోలు, హషిమోటో (సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు), రోజూ థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు. ఉద్యోగంలో చేరకముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోను) 2.8. నాలుగు నెలల తర్వాత 7.9. డోసు మార్చలేదు. జుట్టు రాలుతోందని రెండు నెలలుగా బయోటిన్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. ఇంట్లో బోరు నీళ్ళు, పోయిన నెల పెయింటింగ్ కూడా అయింది. వచ్చే ఏడాది పిల్లల కోసం అనుకుంటున్నాం.

సైనైడ్ థైరాయిడ్‌ను దెబ్బతీస్తుందని ఒకరు, అదంతా భయపెట్టడమే అని ఇంకొకరు అంటున్నారు. ఉద్యోగం మానేయాలా? ఏ పరీక్ష చేయిస్తే తేలుతుంది?

---

సీరం:

సైనైడ్ సంగతి ఉత్త పుకారు కాదండీ. కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్ళే సైనైడ్‌ను కాలేయం థయోసయనేట్‌గా మార్చేస్తుంది. ప్రాణం నిలిపే మార్పే, కానీ ఆ థయోసయనేట్ థైరాయిడ్ గ్రంథి గుమ్మం దగ్గర అయొడిన్‌తో పోటీకి దిగుతుంది. అయొడిన్‌ను లోపలికి లాక్కునే పంపులో ఇది అడ్డుపడితే హార్మోను తయారీ తగ్గుతుంది. సైనైడ్ బాత్‌ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో థైరాయిడ్ వాపు కనిపించిన సంగతి వైద్యంలో పాతదే. సిగరెట్ పొగ చేసేదీ ఇదే పని.

అయితే ఇది ఎవరికి ముఖ్యమో చూడాలి. గ్రంథి తీసేసినవాళ్ళకు ఈ పంపు గొడవే లేదు, హార్మోను మొత్తం మాత్ర నుంచే వస్తుంది. మాత్రతోనే పూర్తిగా నడవాలంటే కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. 62 కిలోలకు దాదాపు 100. ఆమె వేసుకునేది 50. అంటే సగం పని ఇంకా సొంత గ్రంథే చేస్తోంది. కాబట్టి గ్రంథిని అడ్డుకునే ఏ రసాయనమైనా ఈమె రిపోర్టులో కనిపిస్తుంది. 112 వేసుకునే మనిషైతే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు.

బయోటిన్ గురించి అందరూ తిరగేసి చెబుతుంటారు. చాలా ల్యాబుల కిట్లలో బయోటిన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ *తక్కువగా*, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్) *ఎక్కువగా* తప్పు చూపిస్తుంది. కాబట్టి 7.9కి బయోటిన్ కారణం కాదు. అసలు విలువ అంతకంటే ఎక్కువే అయ్యుండొచ్చు కూడా. ఒంటికి రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములైతే ఆ బిళ్ళలో ఉన్నది 10,000. మళ్ళీ రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు, కుదిరితే మూడు నాలుగు రోజులు ఆపండి.

సైనైడ్ మీద నేరం మోపేముందు రెండు విషయాలు చెప్పండి. మాత్ర ఎన్నింటికి వేసుకుంటోంది, దాని తర్వాత ఎంతసేపటికి ఏం తాగుతోంది? మాత్ర కాకుండా అయొడిన్ ఉన్న మందు ఏదైనా వాడుతోందా?

---

ట్యాంకు పక్కన:

ముందు లైన్లు విడదీసుకోండి. నికెల్‌లో, క్రోమ్‌లో సైనైడ్ ఉండదు. క్రోమ్ ఆవిరి ముక్కుకీ ఊపిరితిత్తులకీ చెడ్డది, దాని లెక్క వేరు. మీకు సంబంధించింది కాపర్, సిల్వర్ లైన్లు. వేడి కాపర్ బాత్‌లో పార్టు దగ్గర బుడగలు లేస్తాయి, బుడగ పగిలినప్పుడల్లా సైనైడ్ ద్రావణం సన్నటి తుంపరగా పైకి వస్తుంది. బాత్ పీహెచ్ 11 పైన ఉంటే గ్యాసు దాదాపు రాదు. 9 దగ్గరికి దిగితే హైడ్రోజన్ సైనైడ్ లేస్తుంది. దాని వాసన చాలామంది ముక్కుకు అసలు తెలియదు, కాబట్టి "ఏ వాసనా లేదు" అన్న మాటను నమ్మొద్దు.

కానీ ల్యాబు కెమిస్టుకు అసలు ప్రమాదం ట్యాంకు దగ్గర కాదు, ల్యాబు బల్ల మీద. ఫ్రీ సైనైడ్ టైట్రేషన్ (సిల్వర్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ ఇండికేటర్) ఆల్కలీలోనే జరుగుతుంది, పెద్ద ఇబ్బంది లేదు. ఇండికేటర్‌లోని అయొడైడ్‌కు భయపడక్కర్లేదు, అది ఫ్లాస్కులోనే ఉంటుంది. ఇబ్బందంతా కాపర్ శాతం, సిల్వర్ శాతం తీసేటప్పుడు. అందులో ముందుగా యాసిడ్ పోసి మరగబెట్టి సైనైడ్‌ను పోగొడతారు. పోయే సైనైడ్ ఎక్కడికి పోతుంది? గాల్లోకి. ఆ మెట్టు ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను ఫ్యానుతో బయటికి లాగే అద్దం పెట్టె) బయట చేస్తుంటే, లేదా హుడ్ ఉండి ఫ్యాను పనిచేయకపోతే, మీ జవాబు అక్కడే ఉంది. చిన్న షాపుల్లో హుడ్ ఉంటుంది, కానీ దాన్ని బాటిళ్ళు పెట్టుకునే అలమరా చేసేస్తారు.

చూడాల్సినవి: హుడ్ అద్దం దించి, కింద వదిలిన సందు దగ్గర టిష్యూ పేపరు ముక్క పట్టుకుంటే లోపలికి గట్టిగా లాగాలి. ట్యాంకు అంచున ఉన్న ఎగ్జాస్ట్ సందు దగ్గర కూడా ఇదే పరీక్ష. పిపెట్‌కు రబ్బరు బల్బు ఉండాలి, నోటితో పీల్చడం ఇంకా జరుగుతోంది అంటే ఆశ్చర్యపోను. మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి. నూలు గ్లవుజులు ద్రావణం పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుంటాయి, సైనైడ్ చర్మం గుండా కూడా వెళ్తుంది. టైట్రేషన్ అయ్యాక ఫ్లాస్కు యాసిడ్ పోసే సింకులో కడగకూడదు. కాస్టిక్ కలిపిన వేరే డబ్బాలో పోసి సైనైడ్ ఎఫ్లుయెంట్ (వ్యర్థ ద్రావణాల) లైనుకి పంపాలి, అక్కడ పీహెచ్ 10 దాటాకే హైపోక్లోరైట్ కలపాలి. ఓవర్‌కోటు ఇంటికి తేకూడదు. టిఫిన్ డబ్బా ల్యాబులో తెరవకూడదు.

హెచ్‌సీఎన్ (హైడ్రోజన్ సైనైడ్) మీటరు అద్దెకు కూడా దొరుకుతుంది. యాసిడ్ మెట్టు జరిగేటప్పుడు ఊపిరి ఎత్తులో పెట్టి చూడండి. కాసేపటికైనా 4.7 పీపీఎం దాటకూడదని అమెరికా పని భద్రతా సంస్థ నియోష్ హద్దు పెట్టింది. దాటితే పని ఆపి బయటికి రావడమే, ఇంకో రీడింగు తీసుకుందామని నిలబడొద్దు.

---

మదనపల్లె_టమాట:

ఇద్దరికీ థాంక్సండీ. అడిగి తెలుసుకున్నాను. మొదటి షిఫ్టు ఆరింటికి. మాత్ర అయిదుంబావుకి, వెంటనే ఫిల్టర్ కాఫీ, అయిదున్నరకు బస్సు. చేరకముందు ఏడింటికి మాత్ర, ఎనిమిదికి కాఫీ. సిగరెట్లు ఇంట్లో ఎవరికీ లేవు. షాపులో చేరినప్పటి నుంచి గొంతు గరగర, అందుకని రోజుకు రెండుసార్లు బెటాడిన్ గార్గిల్ చేస్తోంది, మూడు నెలలైంది. అది మందు లెక్కలోకి వస్తుందని అనుకోలేదు. హుడ్ ఉంది, ఫ్యాను బెల్టు తెగి చాలా రోజులైందట.

---

సీరం:

గార్గిల్ మొదట ఆపించండి.

బెటాడిన్ అంటే పోవిడోన్ అయొడిన్. 2 శాతం గార్గిల్‌లో మిల్లీలీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అయొడిన్ ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు. పుక్కిలించినదాంట్లో ఒక్క మిల్లీలీటరు గొంతు దిగినా దాదాపు రెండు వారాల అయొడిన్ ఒక్కసారే వెళ్ళినట్టు. నీళ్ళు కలిపినా మొత్తం మారదు, పలుచనవుతుందంతే. గాయానికి ఒకసారి రాస్తే ఏమీ కాదు, రోజూ నెలల తరబడి నోట్లో వాడటమే ఇబ్బంది. అయొడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే గ్రంథి హార్మోను తయారీ ఆపేస్తుంది. మామూలు గ్రంథి కొద్ది రోజుల్లో తేరుకుంటుంది, హషిమోటో గ్రంథి చాలాసార్లు తేరుకోదు. టీఎస్‌హెచ్ పెరుగుతూ పోతుంది. మానేశాక కొన్ని వారాల్లో చాలామందికి దిగుతుంది. గొంతుకు ఉప్పునీళ్ళు చాలు.

రెండోది కాఫీ. మాత్రకూ కాఫీకీ మధ్య గంట ఉండాలి. ఆరింటి షిఫ్టుకి ఇది కుదరదు. కాబట్టి డాక్టరును అడిగి రాత్రికి మార్చుకోండి, భోజనమయ్యాక మూడు గంటలకు. ఐరన్, కాల్షియం బిళ్ళలుంటే నాలుగు గంటల దూరం. సీసా మూత గట్టిగా బిగించాలి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఎండలో తిప్పొద్దు.

ఇవి సరిచేసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. అంతకు ముందే చేయిస్తే పాత లెక్కే కనిపిస్తుంది, థైరాక్సిన్ సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అదే ల్యాబు, అదే వేళ, ఉదయం మాత్ర వేసుకునే అలవాటుంటే రక్తం ఇచ్చాకే. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువుంటుంది, సాయంత్రం తగ్గుతుంది. షిఫ్టు మారినప్పుడల్లా వేళ మారిస్తే ఏది దేనివల్లో తేలదు.

సైనైడ్ భాగం తేల్చాలంటే థయోసయనేట్ పరీక్ష, రక్తంలోగాని మూత్రంలోగాని. ఒక్క రీడింగుతో లాభం లేదు. పది రోజుల సెలవు తర్వాత ఒకటి, పని వారం చివరి రోజు షిఫ్టు అయ్యాక ఒకటి తీయించి పోల్చాలి. ఆ రెండు వారాలూ క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవపిండి, కర్రపెండలం తగ్గించండి, అవీ థయోసయనేట్‌ను పెంచుతాయి.

---

కావేరి నీళ్ళు:

ఇంటి సంగతి నేను చెబుతాను.

పెయింట్ వాసన వల్ల తలనొప్పి వస్తుంది, టీఎస్‌హెచ్ 7.9 కాదు. ఇప్పటి ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016 నియమాలున్నాయి. భయపడాల్సింది పాత గోడ గీకినప్పుడు లేచే దుమ్ముకి, అది గర్భం అనుకునేవాళ్ళకు మరీ ముఖ్యం. గీకడం అయిపోయి ఉంటే తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి, చీపురు వద్దు.

బోరు నీళ్ళలో నైట్రేట్ చూడండి, లీటరుకు 45 మిల్లీగ్రాములు హద్దు. నైట్రేట్ కూడా అదే అయొడిన్ పంపుకు అడ్డం వస్తుంది, కాకపోతే బలహీనంగా. పర్‌క్లోరేట్ అన్నిటికంటే గట్టిది, థయోసయనేట్‌కు సుమారు 15 రెట్లు, నైట్రేట్‌కు సుమారు 240 రెట్లు. (టపాసుల్లో ఉండేది అదే.) పీణ్యా చుట్టుపక్కల బోరు అయితే క్రోమియం కూడా పరీక్ష చేయించండి, హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. టీడీఎస్ మీటరు వీటిలో ఏదీ చెప్పదు. కాచితే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ పనికిరావు. ఆర్‌వో తీసేస్తుంది. కావేరి కనెక్షన్ ఉంటే తాగడానికి, వంటకి అవే వాడండి.

మీ పేరులోనే టమాట ఉంది కాబట్టి: టమాట, బంగాళాదుంప, ద్రాక్షల మీద తెగులుకు మాంకోజెబ్ కొడతారు, రైతులు ఎం-45 అనే పసుపు పొడి. అది పైపైనే ఉండే మందు. కడగకుండా వండితే వేడికి దానిలోంచి ఈటీయూ అనే పదార్థం పుడుతుంది, అది హార్మోను తయారుచేసే ఎంజైమునే ఆపుతుంది. ధారగా పడే నీళ్ళ కింద చేత్తో రుద్ది కడగండి, *తర్వాత* కోయండి. కోసి కడగడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు, అది పనికిరాదు.

ఉప్పు విషయంలో మాత్రం అతి తెలివి వద్దు. అయొడిన్ ఎక్కువైందని సైంధవ లవణానికి మారితే థయోసయనేట్‌కు పోటీ లేకుండా పోతుంది. మామూలు అయొడైజ్డ్ ఉప్పే వాడండి, మూత పెట్టండి, పోపులో కాకుండా వంట చివర్లో వేయండి.

---

ట్యాంకు పక్కన:

సీరం గారూ, గార్గిల్ దొరికింది కదా అని సైనైడ్‌ను వదిలేసేలా ఉన్నారు. ఆ గార్గిల్ ఎందుకు మొదలైంది? గొంతు గరగర వల్ల. గరగర ఎందుకు? బెల్టు తెగిన హుడ్ వల్ల. మరిగే యాసిడ్ ఆవిరి గొంతును గీరుతోంది, అదే ఆవిరిలో సైనైడ్ కూడా వస్తోంది. గొంతు నొప్పి నయమైతే గంట కొట్టేవాడు పోయినట్టు, గ్యాసు పోయినట్టు కాదు.

బెల్టు వేసేదాకా కాపర్, సిల్వర్ శాతాలు ల్యాబులో చేయనని ఆమె రాతపూర్వకంగా ఇవ్వాలి, శాంపిళ్ళు బయటి ల్యాబుకి పంపుకోమనాలి. పెద్ద ఖర్చు కాదు, బెల్టు అంతకంటే చవక. "మాస్కు పెట్టుకోండి" అంటే ఒప్పుకోవద్దు. గుడ్డ మాస్కు, ఎన్95 గ్యాసును ఆపవు. తల తిరగడం, గుండె దడ, అయోమయం అనిపిస్తే థైరాయిడ్ అని ఇంటికెళ్ళి పడుకోకూడదు. గాలిలోకి తీసుకొచ్చి, సైనైడ్ అని చెప్పి నేరుగా ఎమర్జెన్సీకి. ఎవరైనా ల్యాబులో పడిపోతే శ్వాస పరికరం లేకుండా వెనకాలే లోపలికి పరిగెత్తొద్దు, నోటితో ఊపిరి ఊదొద్దు.

---

సీరం:

ఒప్పుకుంటున్నాను, రెండూ ఒకే తీగ.

పిల్లల సంగతి మిగిలింది. గర్భం అనుకునే ముందు టీఎస్‌హెచ్ 2.5 లోపుకి రావాలి, కాబట్టి 7.9 రిపోర్టుతో ఎనిమిది వారాలు ఇంట్లో కూర్చోకుండా ఈ వారమే ఎండోక్రినాలజిస్టుకు చూపించండి. డోసు పెంచాలా, గార్గిల్ మానేసి ఆగాలా అన్నది వాళ్ళు తేలుస్తారు. గార్గిల్, కాఫీ, బయోటిన్, సైనైడ్ నాలుగూ చీటీ మీద రాసుకెళ్ళండి, అడగకపోతే ఎవరూ చెప్పరు. గర్భం వచ్చిందని తెలిసిన రోజే ఫోన్ చేయాలి, డోసు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచుతారు, సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష. మొదటి మూడు నెలలు బిడ్డకు తల్లి హార్మోనే దిక్కు. కాబట్టి సైనైడ్ లైను నుంచి మారడం గర్భం తెలిశాక కాదు, ప్రయత్నం మొదలుపెట్టేముందే. ఇన్‌స్పెక్షన్ పని అడగండి.