తెలుగు టెక్స్ట్ లేయర్లను కోడ్‌తో ఒకేసారి మార్చేయవచ్చా, ఒక్కొక్కటీ చేత్తోనే మార్చాలా?

చిన్నిడిజైన్స్

అందరికీ నమస్కారం. నేను కొండాపూర్‌లో ఒక చిన్న టీమ్‌లో యూఐ డిజైనర్‌ని. రైతులు విత్తనాలు, ఎరువులు తెప్పించుకునే యాప్ మాది. స్క్రీన్లు డిజైన్ చేసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో మా ఫైల్‌కి 84 స్క్రీన్లు, 1,126 టెక్స్ట్ లేయర్లు (స్క్రీన్ మీది ఒక్కో మాట ముక్కా ఒక లేయర్), అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మాటలు గూగుల్ షీట్‌లో వచ్చాయి. ఒక్కో లేయర్‌కి 20 సెకన్లు వేసుకున్నా ఆరు గంటల పైనే పడుతుంది, అదీ ఒక్కసారికి. గత నెలలో ఇంగ్లీషు మాటలే మూడుసార్లు మారాయి.

అందుకని చిన్న ప్లగిన్ (ఫిగ్మా లోపలే నడిచే కోడ్) రాశాను. టెక్స్ట్ లేయర్లన్నీ వెతికి, అందులో ఉన్న ఇంగ్లీషు మాట షీట్‌లో దొరికితే పక్కనున్న తెలుగు మాట పెట్టేస్తుంది. మా సీనియర్ గారు మాత్రం డిజైన్ ఫైల్ మీద స్క్రిప్ట్ నడపొద్దు, తెలుగు చేత్తోనే పెట్టండి అంటున్నారు. నాకైతే టైమ్ వేస్ట్ అనిపిస్తోంది. మీరేమంటారు?

వత్తుపొల్లు

చిన్నీ, నాదీ మీ సీనియర్ గారి మాటే. పదేళ్లుగా యాప్‌లకు తెలుగు రాస్తున్నాను. ఫారం కింద బటన్ మీద "సేవ్" ఉంటే భద్రపరచడం, ఆఫర్ స్టిక్కర్ మీద అదే "సేవ్" ఉంటే ఆదా. షాపు పేరు పక్కన "ఓపెన్" అంటే తెరిచి ఉంది, బిల్లు పక్కన అయితే తెరవండి. ఇంగ్లీషులో మాట ఒక్కటే, మనకు రెండు. ఇంగ్లీషు మాటను పట్టుకుని మార్చే ప్లగిన్‌కి ఆ తేడా ఎలా తెలుస్తుంది? కింద "హోమ్" బటన్ దగ్గర "ఇల్లు" అని పెట్టిన యాప్ ఒకటి సరిచేయమని నా దగ్గరికే వచ్చింది.

ఇంకో మాట. చేత్తో పెట్టేటప్పుడు బటన్ నా కళ్ల ముందు ఉంటుంది. షీట్‌లో "మీ ఖాతా వివరాలను సవరించండి" అని నేనే రాసి ఉంటాను. ఆ చిన్న బటన్ చూడగానే "ఖాతా మార్చండి" చాలనిపిస్తుంది, అక్కడికక్కడే కుదించేస్తాను. కోడ్ నడిపితే ఆ చూపు పోతుంది.

జేఎస్‌కోడర్

అక్కా, మీరు చెప్పిన "సేవ్" గొడవ నిజమే. కానీ తప్పు కోడ్‌తో మార్చడంలో లేదు, పాత మాటను చూసి లేయర్‌ని గుర్తుపట్టడంలో ఉంది. ప్రతి టెక్స్ట్ లేయర్‌కి ఒక కీ, అంటే దాన్ని గుర్తుపట్టే పేరు, ఇవ్వాలి: "ఫారం.సేవ్" ఒకటి, "ఆఫర్.సేవ్" ఇంకొకటి. షీట్‌లో మొదటి కాలమ్ కూడా ఆ కీయే. అప్పుడు రెండూ కలవవు.

చిన్ని గారూ, ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను, మీరు జాగ్రత్త. ఫిగ్మాలో టెక్స్ట్ లేయర్‌కి మనం పేరు పెట్టకపోతే అందులో ఉన్న మాటే దాని పేరవుతుంది. ఆ పేర్లనే కీ అనుకుని ప్లగిన్ నడిపాను. మొదటిసారి బ్రహ్మాండంగా మారింది. వారం తర్వాత కొత్త షీట్‌తో మళ్లీ నడిపితే ఒక్క లేయర్ కూడా దొరకలేదు, ఎందుకంటే టెక్స్ట్‌తో పాటు పేర్లూ తెలుగైపోయాయి! పేరు మనమే పెడితే అలా మారదు. లేదంటే కీని ప్లగిన్ డేటాలో (లేయర్‌తో పాటే కనిపించకుండా ఉండే చోటు) దాచుకోండి.

కాంపోనెంట్ల సంగతీ చూసుకోండి. ఒకసారి గీసి చాలాచోట్ల వాడే బటన్ లాంటిది కాంపోనెంట్, అలా వాడిన ఒక్కో కాపీ ఇన్‌స్టాన్స్. మీ 1,126లో చాలావరకు ఇన్‌స్టాన్సుల్లోని లేయర్లే అయి ఉంటాయి. ప్రతి ఇన్‌స్టాన్స్‌లో టెక్స్ట్ మారిస్తే ప్రతిదీ ఓవర్‌రైడ్ అయిపోతుంది. రేపు అసలు కాంపోనెంట్‌లో "బుట్ట" తీసి "కార్ట్" అని పెట్టినా మిగతా స్క్రీన్లలో "బుట్ట" అలాగే ఉండిపోతుంది. ముందు మెయిన్ కాంపోనెంట్లు మార్చండి. ఆ తర్వాత కూడా ఇంగ్లీషులో మిగిలిన ఇన్‌స్టాన్సులను మాత్రమే ముట్టుకోండి.

పైథాన్ ప్రసాదం

ప్లగిన్ దాకా ఎందుకండీ? ఫిగ్మా రెస్ట్ ఏపీఐకి (బయటి ప్రోగ్రాములు ఫిగ్మాతో మాట్లాడే దారి) పైథాన్‌తో రిక్వెస్ట్ పంపితే అయిపోతుంది కదా?

జేఎస్‌కోడర్

కాదండీ. రెస్ట్ ఏపీఐతో ఫైల్లోని టెక్స్ట్ చదవొచ్చు, మార్చలేం. మార్చాలంటే ప్లగినే.

బ్రాడీపేట డీటీపీ

నేను ఫిగ్మా వాడను, మాది గుంటూరులో డీటీపీ షాపు. ఫొటోషాప్‌లో అనుభవం చెబుతాను. ఒక స్కూలుకి 900 ఐడీ కార్డులు. టెంప్లేట్ ఒకటే, పేరు, తరగతి, ఫోన్ నంబరు మారతాయి. మా అబ్బాయి స్క్రిప్ట్ రాశాడు. ఎక్సెల్ లిస్టు సీఎస్‌వీ చేసి ఇస్తే, ఒక్కో వరుసకీ లేయర్లలో కంటెంట్స్ మార్చి, జేపెగ్ సేవ్ చేసి, తర్వాతి పేరుకి పోతుంది. మొదటి పది కార్డులు చూశాం: అఖిల, అనిత, అరుణ, ఆశ... అన్నీ చక్కగా వచ్చాయి. ప్రింటుకి పంపేశాం.

లామినేషన్ కూడా అయ్యాక చూస్తే "లక్ష్మి" అని ఉండాల్సిన చోట క‌కి పొల్లు, ష‌కి పొల్లు, పక్కన మి, మూడూ విడివిడిగా నిలబడి ఉన్నాయి. అ, ఆలతో మొదలైన ఆ పది పేర్లలో ఒక్క వత్తు కూడా లేదు, అందుకే కనబడలేదు. ఆ డాక్యుమెంట్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్‌లో లేకపోవడమే కారణం. మాది పాత ఫొటోషాప్, అందులో అది పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ఉంటుంది. అది ఆన్‌లో లేకపోతే ఆ పాత ఫొటోషాప్‌కి మన వత్తులు కలపడం రాదు. వత్తులున్న కార్డులన్నీ మా ఖర్చుతో మళ్లీ వేసిచ్చాం. పిల్ల తన పేరు అలా విరిగిపోయి ఉన్న కార్డు మెడలో వేసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఏ లిస్టు వచ్చినా ముందు నాలుగు పేర్లు నేనే కలుపుతాను: జ్యోత్స్న, లక్ష్మీప్రసన్న, కృష్ణవేణి, వేంకటసత్యనారాయణమూర్తి. మొదటి మూడు వత్తుల కోసం, నాలుగోది పొడవు కోసం. ఆ నాలుగూ సరిగ్గా వస్తేనే మిగతావి నడుపుతాం.

పాత టెంప్లేట్లు అను ఫాంట్లలో ఉన్నవాళ్లకి ఒక మాట. అందులో మనకి తెలుగు కనిపిస్తుంది గానీ, లోపల దాచుకున్నవి వేరే గుర్తులు. యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగు) ఎక్సెల్ నుంచి వచ్చిన పేరు నేరుగా అందులో పెడితే కుదరదు. పేర్లను అనుకి మార్చే కన్వర్టర్ అయినా ఉండాలి, టెంప్లేట్‌ని యూనికోడ్ ఫాంట్‌కి అయినా మార్చాలి. మేము టెంప్లేట్ మార్చేశాం.

వత్తుపొల్లు

చూశారా, అన్నయ్య గారు చెప్పిందే నా భయం. మెషిన్ "ఎర్రర్ లేదు" అంటుంది. లక్ష్మి విరిగిందని దానికి తెలియదు.

జేఎస్‌కోడర్

ఒప్పుకుంటాను అక్కా. కానీ 900 పేర్లు చేత్తో టైప్ చేస్తే తప్పులు రావా? చేతి తప్పు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది, 900 వెతకాలి. కోడ్ తప్పు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, ఒకచోట పట్టుకుంటే అన్నీ దొరుకుతాయి.

తెలుగు విషయంలో కోడ్ రాసేవాళ్లు పొరబడేది ఇంకొకటుంది. మన కంటికి "శ్రీ" ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌లో దాని పొడవు 4. "క్ష్మీ" అయితే 6. "20 అక్షరాలు దాటితే కత్తిరించు" అని రాస్తే సరిగ్గా వత్తు మధ్యలో తెగి, చివర పొల్లు వేలాడుతుంది. కొత్త బ్రౌజర్లలో మాటను కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టే ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం నడిచేదైతే అది వత్తులను విడదీయదు. పాతదైతే "శ్రీ"ని కూడా రెండు ముక్కలు చేస్తుంది. అందుకే నేను కోడ్‌తో కత్తిరించడమే మానేశాను. పట్టకపోతే లిస్టులో చూపిస్తాను, మనిషి కుదించాలి.

వాక్యం మధ్యలో బోల్డ్ ఉంటే ఇంకో చిక్కు. ఇంగ్లీషులో రూ.450 ముందు వస్తుంది, తేదీ తర్వాత. తెలుగులో "జూన్ 5 లోపు రూ.450 చెల్లించండి". టెక్స్ట్ మొత్తం మార్చేస్తే ఆ బోల్డ్ పోయి, అంతా మొదటి అక్షరం స్టైల్లోకి వచ్చేస్తుంది. షీట్‌లోనే రూ.450కి అటూ ఇటూ చుక్క గుర్తు (*) పెట్టమనండి. ప్లగిన్ ఆ గుర్తులు తీసేసి, అంతమేరకే బోల్డ్ వేస్తుంది. టెక్స్ట్ ముట్టుకునే ముందు ఫాంట్ లోడ్ చేయాలి, లేకపోతే ఎర్రర్. ఇంటర్ ఫాంట్‌లో తెలుగు లేదు కాబట్టి నోటో సాన్స్ తెలుగో ఇంకోటో అదే కోడ్‌లో పెట్టేయండి.

నెల్లూరు టు సియాటిల్

మీరంతా ఇంగ్లీషు చెరిపేసి తెలుగు రాస్తున్నారు. ఎందుకు చెరపడం? 2023లో ఫిగ్మాలో వేరియబుల్స్ వచ్చాయి. స్ట్రింగ్ వేరియబుల్‌లో (టెక్స్ట్‌ని దాచుకునే పెట్టె లాంటిది) ఇంగ్లీషు ఒక మోడ్, తెలుగు ఒక మోడ్ పెట్టుకుంటే స్క్రీన్ అదే ఉంటుంది, భాష మారుతుంది. ప్లగిన్ పని లేయర్లని వేరియబుల్స్‌కి ఒకసారి కట్టడం వరకే.

జేఎస్‌కోడర్

మంచిదే అన్నా, చిన్న బటన్లకి నేనూ అదే వాడతాను. వేరియబుల్ టెక్స్ట్ మొత్తానికి కడతాం కదా, మధ్యలో బోల్డ్ ఉన్న వాక్యాలకి పనికిరాదు. ఎన్ని మోడ్‌లు పెట్టుకోవచ్చన్నది మనం డబ్బు కట్టే ప్లాన్‌ని బట్టి ఉంటుంది.

చిన్నిడిజైన్స్

అందరికీ థాంక్స్. రెండు రోజులు కూర్చున్నాను. ఫైల్ డూప్లికేట్ చేసి, లేయర్లకి కీలు పెట్టి, ముందు కాంపోనెంట్ల పేజీ మీద నడిపాను. డీటీపీ అన్నయ్య గారి జ్యోత్స్ననీ లక్ష్మీప్రసన్ననీ ప్రొఫైల్ స్క్రీన్‌లో పెట్టి చూశాను. విరగలేదు కానీ, 16 సైజుకి లైన్ హైట్ 20 ఉండటంతో పై లైన్‌లోని వత్తులు కింది లైన్‌లోని గుడులకి తగిలాయి. 26 చేశాక తేలికపడింది. ఇంగ్లీషు స్క్రీన్‌లో ఇది ఎప్పటికీ కనిపించేది కాదు.

ప్లగిన్ మొత్తం మీద 71 లేయర్లు పట్టలేదని చూపించింది. అక్కా, వాటి లిస్టు మీకు పంపొచ్చా? పేరు నొక్కితే నేరుగా ఆ బటన్ దగ్గరికి వెళ్తుంది.

వత్తుపొల్లు

పంపమ్మా. కానీ 71 కాదు, 84 స్క్రీన్లూ పంపు. పట్టనివి నీ ప్లగిన్‌కి తెలుస్తాయి. పట్టినా తప్పుగా ఉన్నవి దానికి తెలియవు. నేను టైప్ చేయను, చూస్తాను. స్క్రీన్‌కి రెండు నిమిషాలు ఇచ్చినా మూడు గంటల్లోపే అయిపోతుంది. మీ సీనియర్ గారికి కూడా అదే చెప్పు.